చెడిన తుంటి కీలుకు రెండో ఆపరేషన్: ఒప్పుకునే ముందు చేయవలసిన పనులు, ఆ తర్వాత ఆశించదగిన ఫలితం

పదకొండేళ్ల కిందట తుంటి కీలు మార్పించుకున్న రైతు ఒకరు నిరుడు వానాకాలంలో పరకాల నుంచి హన్మకొండలోని మా ఫిజియోథెరపీ గదికి వచ్చారు. కూర్చోకముందే ఎక్స్‌రే కవరు నా చేతిలో పెట్టి, "సారూ, ఇంకోసారి జేపిస్తే ఎన్నేండ్లు వస్తది?" అని అడిగారు. నేను ఆయనను తిరిగి అడిగిన మొదటి మాట, "మొదటిది ఎందుకు చెడిందో డాక్టరు చెప్పారా?" అని. చెప్పలేదన్నారు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ జవాబే. రెండో ఆపరేషన్ ఫలితం ఆపరేషన్ గదిలో ఎంత తేలుతుందో, అంతకు ముందు కారణం వెతికే రోజుల్లో అంతకన్నా ఎక్కువగా తేలుతుంది. నొప్పి ఉంది కానీ కారణం తెలియదన్న స్థితిలోనే కీలు విప్పి మార్చినవారిలో చాలామందికి ఆ నొప్పి అలాగే మిగిలిపోతుంది. కారణం స్పష్టంగా తెలిసి, దానికి తగిన ఏర్పాటుతో చేసిన ఆపరేషన్లు అధిక భాగం మంచి ఫలితమే ఇస్తాయి.

నేను శస్త్రవైద్యుణ్ని కాను. ఆపరేషన్‌కు ముందు, తర్వాత రోగులను నడిపించేవాణ్ని. ఏ ఆపరేషన్ చేయాలన్న నిర్ణయం కీళ్ల సర్జన్‌ది. ఆ నిర్ణయం సరిగ్గా జరగడానికి రోగీ, ఇంటివారూ చేయగల పనులు చాలా ఉన్నాయి కాబట్టి వాటిని నేను చూసిన క్రమంలో రాస్తున్నాను.

నొప్పి ఎక్కడ, ఎప్పుడు వస్తున్నదో రాసి పెట్టుకోవడం

మొదట ఒక నోటుబుక్కు తీసుకుని రెండు వారాల పాటు నొప్పి సంగతి రాయండి. గజ్జలో నొప్పి వస్తుంటే కటి ఎముకలో కూర్చోబెట్టిన గిన్నె వదులైందేమోనని, తొడ మధ్యలో వస్తుంటే తొడ ఎముకలో దించిన కాడ, అంటే మనవాళ్లు రాడ్డు అనేది, కదులుతున్నదేమోనని సర్జన్లు అనుమానిస్తారు. కూర్చుని లేచి వేసే మొదటి నాలుగైదు అడుగుల్లో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి, తర్వాత కొంత సర్దుకుంటే అది వదులైన కీలు స్వభావం. పడుకున్నా, కదలకపోయినా, అర్ధరాత్రి కూడా సలుపుతూనే ఉంటే ఇన్ఫెక్షన్ గురించి ఆలోచించాలి. మొదటి ఆపరేషన్ తర్వాత ఒక్క రోజు కూడా నొప్పి లేకుండా గడవలేదా, లేక ఎనిమిదేళ్లు హాయిగా తిరిగి ఇప్పుడు మొదలైందా అన్నది మరీ ముఖ్యం. అప్పట్లో కుట్ల దగ్గర ఎన్నాళ్లు నీరు కారిందో, మళ్లీ కుట్లు విప్పి కడిగారో లేదో కూడా గుర్తుచేసుకుని రాయండి. తుంటి నొప్పిగా తోచేది కొన్నిసార్లు నడుము వెన్నుపూస నుంచి దిగే నరపు నొప్పి అయి ఉంటుంది. అటువంటప్పుడు కీలు మార్చినందువల్ల లాభం ఉండదు.

కొన్ని సందర్భాల్లో నోటుబుక్కుతో పని లేదు. కాలు ఒక్కసారిగా పొట్టిదై పక్కకు తిరిగిపోయి అడుగు మోపలేకపోతే, జారిపడ్డాక తొడ కదపలేకపోతే, పాత కుట్టు దగ్గర ఎర్రబడి చీము కారుతూ జ్వరం వస్తే, అదే రోజు ఎముకల డాక్టరు ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక్కడే మన ఊళ్లలో తరచుగా జరిగే ఒక పొరపాటును ఆపాలి. నొప్పి మొదలవగానే ఊళ్లోని ఆర్ఎంపీ దగ్గర ఐదు రోజులు యాంటీబయాటిక్ సూదులు వేయించుకుంటారు, లేదా వారం రోజులు మాత్రలు మింగుతారు. కీలు చుట్టూ ఉన్న సూక్ష్మజీవి దానితో చావదు, దాక్కుంటుంది. తర్వాత ఆసుపత్రిలో కీలులోంచి నీరు తీసి కల్చర్‌కు, అంటే సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్షకు పంపితే ఏమీ పెరగదు, ఇన్ఫెక్షన్ లేదని కాగితం వస్తుంది, ఆ కాగితాన్ని నమ్మి మామూలుగా కీలు మారిస్తే కొత్త కీలుకూ చీము పడుతుంది. ఒళ్లంతా విషం పాకే తీవ్రమైన జ్వరం ఉంటే తప్ప, కీలు నీరు తీయడానికి ముందు కనీసం రెండు వారాలు యాంటీబయాటిక్ లేకుండా ఉండాలని సర్జన్లు కోరేది ఇందుకే. నాటు వైద్యుల చేత నూనె పెట్టి కాలు లాగించుకోవడం, తుంటిలోకి స్టెరాయిడ్ సూది వేయించుకోవడం కూడా వద్దు. లాగినప్పుడు కీలు తప్పిపోయి వచ్చినవారు ఉన్నారు. సూది వేసిన దారిలోనే సూక్ష్మజీవి లోపలికి వెళ్లగలదు.

పాత కాగితాలు, ముఖ్యంగా ఇంప్లాంట్ స్టిక్కరు

కృత్రిమ కీలు పెట్టెలో కంపెనీ పేరు, మోడల్, సైజు, లాట్ నంబరు ఉన్న చిన్న స్టిక్కర్లు ఉంటాయి. ఆపరేషన్ రోజున వాటిని కేస్‌షీటులో అతికిస్తారు, చాలాచోట్ల డిశ్చార్జ్ కాగితంలో కూడా అతికిస్తారు. రెండో ఆపరేషన్‌కు ఆ స్టిక్కరు ఎంత విలువైనదో ఇంటివారు ఊహించరు. గిన్నె బాగానే ఉండి లోపలి ప్లాస్టిక్ పొర ఒక్కటే అరిగితే, ఆ మోడల్‌కు సరిపోయే పొర తెప్పించి చిన్న ఆపరేషన్‌తో ముగించవచ్చు. మోడల్ తెలియకపోతే బాగున్న గిన్నెను కూడా పెకలించవలసి రావచ్చు. రాడ్డు బాగుండి పై బంతిని మాత్రమే మార్చాలన్నా రాడ్డు కొసకు సరిగ్గా కూర్చునే బంతి కావాలి, ఎందుకంటే కంపెనీ కంపెనీకి ఆ కొస కొలత వేరుగా ఉంటుంది. బిగుసుకుపోయిన రాడ్డును ఎముక పగలకుండా తీయడానికి కొన్ని మోడళ్లకు ప్రత్యేకమైన పనిముట్లు ఉంటాయి. పాత బంతి సిరామిక్‌ది అయి లోపల పగిలిందని తెలిస్తే, దాని స్థానంలో లోహపు బంతి పెట్టకూడదు. ఎంత కడిగినా మిగిలే సన్నని సిరామిక్ పలుకులు లోహాన్ని ఇసుక కాగితంలా గీకేస్తాయి.

కాగితం దొరకకపోతే మొదట ఆపరేషన్ చేసిన ఆసుపత్రి మెడికల్ రికార్డుల విభాగంలో ఐపీ నంబరు, తేదీతో రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. వరంగల్ ఎంజీఎం వంటి ప్రభుత్వ ఆసుపత్రిలో చేయించుకున్నా, ప్రైవేటులో చేయించుకున్నా పద్ధతి ఇదే. ఆరోగ్యశ్రీ కింద జరిగి ఉంటే అప్పటి కేసు వివరాలు ఎలా దొరుకుతాయో ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడగండి. ఏదీ దొరకకపోయినా నిరాశపడవద్దు, అనుభవమున్న సర్జన్ ఎక్స్‌రేలో ఆకారం చూసి మోడల్‌ను చాలావరకు పోల్చుకోగలరు. ఆపరేషన్ అయిన తొలిరోజుల ఎక్స్‌రే నుంచి నిన్నటి ఎక్స్‌రే వరకు అన్నింటినీ తేదీల వరుసలో పట్టుకెళ్లండి. రాడ్డు రెండు మిల్లీమీటర్లు కిందికి దిగిందో లేదో ఒక్క ఎక్స్‌రేలో కనిపించదు, రెండింటిని పక్కపక్కన పెడితేనే కనిపిస్తుంది. బీరువా మీద చుట్టచుట్టి పెట్టిన పాత ఫిల్ములను దయచేసి పారేయవద్దు.

2010 వరకు ఆపరేషన్ అయినవారు మోడల్ పేరు తప్పకుండా తెలుసుకోవాలి. జాన్సన్ అండ్ జాన్సన్‌కు చెందిన డీప్యూ సంస్థ తయారుచేసిన ఏఎస్‌ఆర్ అనే తుంటి కీలును 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి పిలిచారు. అందులో బంతీ గిన్నె రెండూ లోహమే. కీలు మార్పిడులను నమోదు చేసే బ్రిటన్ రిజిస్ట్రీ లెక్కలో ఐదేళ్లలోపే నూటికి 12, 13 మందికి దాన్ని మార్చవలసి వచ్చింది. మన దేశంలో సుమారు 4,700 ఆపరేషన్లలో ఆ కీలును వాడారు. కేంద్ర ప్రభుత్వం నియమించిన నిపుణుల సంఘాల సిఫారసుల మీద 2018లో బాధితులకు 30 లక్షల నుంచి 1.23 కోట్ల రూపాయల వరకు పరిహారం లెక్కగట్టే సూత్రాన్ని ప్రకటించారు, దాని మీద కోర్టు వివాదమూ నడిచింది. అటువంటి కీలులో లోహం లోహంతో రాసుకుని కోబాల్ట్, క్రోమియం రజను చుట్టుపక్కల కండరాల్లోకి చేరి వాటిని కరిగించివేస్తుంది. నొప్పి లేకపోయినా ఇది జరగవచ్చు. రక్తంలో ఆ లోహాలు లీటరుకు 7 మైక్రోగ్రాములు దాటితే లోతుగా పరీక్షించాలని బ్రిటన్ నియంత్రణ సంస్థ హద్దు పెట్టింది. ఇటువంటి కీలును కండరం పోకముందు మార్చినవారికీ, పోయాక మార్చినవారికీ ఫలితంలో చాలా తేడా ఉంటుంది. కండరం పోయినవారికి కొత్త కీలు పదేపదే తప్పిపోతుంది, కుంటు నిలిచిపోతుంది.

ఏ ఇంప్లాంట్ అయినా దానివల్లే హాని జరిగిందని అనిపిస్తే వైద్య పరికరాల వల్ల జరిగే హానిని నమోదు చేసే భారత మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమానికి రోగి స్వయంగా తెలియజేయవచ్చు. 2015 నుంచి నడుస్తున్న ఈ కార్యక్రమం గురించి మన జిల్లాల్లో చాలామందికి తెలియదు. కీలు మార్పిడుల వివరాలను రిజిస్ట్రీలో నమోదు చేయడం మన దేశంలో తప్పనిసరి కాదు కాబట్టి, ఇటువంటి లోపాలు బయటపడటానికి రోగులు ఇచ్చే సమాచారం ఎంతో అవసరం.

కారణం తేల్చే పరీక్షలు

కారణం ఏదిగా కనిపిస్తున్నా, ఇన్ఫెక్షన్ లేదని నిర్ధారించుకోకుండా రెండో ఆపరేషన్ చేయకూడదన్నది కీళ్ల సర్జన్లు పాటించే నియమం. ఒంట్లో వాపును, ఇన్ఫెక్షన్‌ను సూచించే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనే రెండు రక్తపరీక్షలు చవకైనవి, వరంగల్‌లో ఏ ల్యాబులోనైనా జరుగుతాయి. వాటిలో ఒకటి పెరిగినా, అనుమానం బలంగా ఉన్నా, ఆపరేషన్ గదిలో శుభ్రమైన పద్ధతిలో సూదితో కీలు నీరు తీసి, తెల్లకణాల లెక్కకూ కల్చర్‌కూ పంపుతారు. కొన్ని సూక్ష్మజీవులు నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి కల్చర్‌ను రెండు వారాల వరకు ఉంచమని సర్జన్ కోరవచ్చు, మూడో రోజే ఫలితం కోసం తొందరపెట్టకండి. మన ప్రాంతంలో క్షయ కూడా కీలులో దాక్కుని ఉండవచ్చు, అందువల్ల ఆ పరీక్ష కూడా జరిగిందో లేదో అడగండి. ఎముక ఎంత అరిగిపోయిందో చూడటానికి సీటీ స్కాన్, కండరాల స్థితి చూడటానికి లోహపు నీడను తగ్గించే పద్ధతిలో ఎంఆర్‌ఐ అవసరం కావచ్చు.

సికిల్‌సెల్ ఉన్న ఇళ్లకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు ఆదివాసీ కుటుంబాల్లో ఈ రక్తవ్యాధి వల్ల తొడ ఎముక తలకు రక్తం అందక చచ్చుబడి, ఇరవై, ముప్పై ఏళ్ల వయసులోనే కీలు మార్చవలసి వస్తుంది. అంత చిన్న వయసులో వేసిన కీలు జీవితకాలం రాదు, రెండో ఆపరేషన్ దాదాపు ఖాయమని మొదటి రోజే తెలిసి ఉండాలి. వీరికి ఎముక లోపలి మార్గం మూసుకుపోయి గట్టిపడి ఉంటుంది, ఇన్ఫెక్షన్ ప్రమాదం ఎక్కువ, చలి తగిలినా నీరు తగ్గినా నొప్పుల దాడి వస్తుంది. రక్తవ్యాధుల డాక్టరు లేని చోట వీరికి రెండో ఆపరేషన్ చేయించకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

కారణాన్ని బట్టి ఫలితం

ఇన్ఫెక్షన్ లేకుండా కీలు వదులు కావడం, ప్లాస్టిక్ పొర అరిగి ఆ పొడికి ఎముక కరిగిపోవడం అన్నవి ఎక్కువమందిలో కనిపించే కారణాలు. సకాలంలో వస్తే వీటి ఫలితం బాగుంటుంది. ఎముక ఎంత మిగిలి ఉందన్నదాని మీదే అంతా ఆధారపడుతుంది. గిన్నె చుట్టూ ఎముక బాగా ఉంటే రంధ్రాలున్న పెద్ద గిన్నెను స్క్రూలతో బిగిస్తే ఎముక దానిలోకి అల్లుకుంటుంది. గుంతలు పడితే టాంటలం వంటి లోహపు ముక్కలతోనో, ఎముకల బ్యాంకు నుంచి తెచ్చిన ఎముక పొడిని దట్టించో నింపుతారు. తొడ ఎముక పైభాగం పాడైతే దానిని దాటి కింద గట్టి ఎముకలో పట్టుకునే పొడవాటి టైటానియం రాడ్డు వేస్తారు. నొప్పి భరించగలిగేదే కదా అని మూడేళ్లు నాన్చి వచ్చినవారికి, అదే కీలుకు మొదటి ఏడాదిలో వచ్చినవారికన్నా పెద్ద ఆపరేషన్ అవసరమవుతుంది. ఎముక కరగడం చాలాకాలం నొప్పి లేకుండా సాగుతుంది కాబట్టే, బాగున్నా ఎక్స్‌రే తీయించుకోవాలని డాక్టర్లు చెప్తారు.

చాలా ఏళ్ల కిందట తొడ ఎముక మెడ విరిగినప్పుడు బంతిని మాత్రమే మార్చి, గిన్నె పెట్టకుండా వదిలినవారికి ఆ లోహపు బంతి సొంత ఎముకలోని మృదులాస్థిని అరగదీసి గజ్జ నొప్పి వస్తుంది. దీన్ని పూర్తి కీలుగా మార్చడం తక్కిన రివిజన్లతో, అంటే వేసిన కీలును మళ్లీ మార్చే ఆపరేషన్లతో పోలిస్తే తేలిక, నొప్పి తగ్గడం విషయంలో నేను చూసినవారు సంతృప్తిగానే ఉన్నారు.

కీలు పదేపదే తప్పిపోతున్నవారికి గిన్నె కోణం తప్పుందా, కండరం బలహీనపడిందా అన్నది ముందు తేల్చాలి. కోణం తప్పుంటే సరిచేయడంతో చాలావరకు తీరుతుంది. కండరమే లేకపోతే కష్టం. బంతిలో బంతి తిరిగే డ్యూయల్ మొబిలిటీ గిన్నె ఇటువంటివారిలో తప్పిపోయే ప్రమాదాన్ని తగ్గిస్తుంది. మొదటి ఆపరేషన్ తర్వాత కీలు తప్పిపోయేది నూటికి రెండు మూడు సందర్భాల్లో అయితే, రెండో ఆపరేషన్ తర్వాత ఆ ప్రమాదం అంతకు కొన్ని రెట్లు ఉంటుందని గుర్తుంచుకుని జాగ్రత్తలు పాటించాలి.

స్నానాల గదిలో జారిపడి రాడ్డు చుట్టూ తొడ ఎముక విరిగినవారు ఎక్కువగా డెబ్బై దాటినవారు. రాడ్డు గట్టిగానే ఉంటే ప్లేటు, తీగలతో ఎముకను అతికిస్తే చాలు. వదులైతే పొడవాటి రాడ్డు వేయాలి. ఈ వయసులో ప్రాణానికి ముప్పు ఆపరేషన్‌కన్నా మంచాన పడి ఉండటం వల్ల ఎక్కువ. "ముసలామె, ఇగ కోయించుడెందుకు?" అని వదిలేసిన ఇళ్లు చూశాను. పుండ్లు పడి, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి పోతారు. ఆపరేషన్ తట్టుకోగలరో లేదో మత్తు డాక్టరు చెప్పాలి, పక్కింటివారు కాదు.

ఇక ఇన్ఫెక్షన్. అన్నింటికన్నా ఎక్కువ ఓపిక కోరేది ఇదే. ఆపరేషన్ అయిన తొలి కొద్ది వారాల్లోనే చీము గుర్తిస్తే, రాడ్డునూ గిన్నెనూ ఉంచి, లోపల కడిగి, బంతి, పొర మార్చి, నెలల తరబడి మందులతో కీలును కాపాడే అవకాశం ఉంది. అందుకే కుట్టు దగ్గర పది రోజుల తర్వాత కూడా తడి ఉంటే డ్రెస్సింగ్ మార్చుకుంటూ కూర్చోకుండా ఆపరేషన్ చేసిన సర్జన్‌కే చూపించాలి. ఆ గడువు దాటితే లోహం మీద సూక్ష్మజీవి జిగురు పొర కట్టుకుంటుంది, మందులు దాని లోపలికి సరిగ్గా పోవు, కీలును తీసివేయడమే దారి. రెండు దశల పద్ధతిలో మొదట పాత కీలూ, దాన్ని ఎముకకు పట్టించిన సిమెంటూ ఉంటే అదీ మొత్తం తీసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంటుతో తాత్కాలిక కీలు పెడతారు. సుమారు ఆరు వారాలు మందులు ఇచ్చి, ఇన్ఫెక్షన్ తగ్గిందని తేలాక, మామూలుగా రెండు మూడు నెలలకు కొత్త కీలు వేస్తారు. రెండు దశలూ పూర్తి చేసినవారిలో పది మందిలో ఎనిమిది, తొమ్మిది మందికి ఇన్ఫెక్షన్ నయమవుతుంది. సూక్ష్మజీవి పేరు ముందే తెలిసి, చర్మం, ఎముక బాగున్న కొందరికి ఒకే దశలో పూర్తి చేస్తారు. బ్రిటన్, స్వీడన్‌లలో జరిగి 2022లో ఫలితాలు వెలువడిన ఒక పరిశోధనలో రోగుల నొప్పి, నడక విషయంలో ఒకే దశ పద్ధతి రెండు దశల దానికి తీసిపోలేదు.

రెండు దశల మధ్య కాలమే మన కుటుంబాలు విరిగిపోయే చోటు. అప్పటికే అప్పులు చేసి ఉంటారు, ఆదాయం ఆగిపోయి ఉంటుంది, తాత్కాలిక కీలుతో కొంత నడవగలుగుతారు కాబట్టి "ఇట్లనే నడుస్తున్నడు గద" అని రెండో దశకు వెళ్లకుండా ఆగిపోతారు. ఆ సిమెంటు కీలు నెలల కోసం చేసినది, ఏళ్ల కోసం కాదు, విరుగుతుంది, ఎముకను తొలుస్తుంది. అందుకే మొదటి దశకు సంతకం పెట్టే రోజునే రెండో దశ ఖర్చు, సెలవు, తోడు ఎవరన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. మందుల్లో రిఫాంపిసిన్ ఉంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడి మానేయవద్దు.

ఎన్నేళ్లు వస్తుంది

పరకాల రైతు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు అంకెలు చెప్పవచ్చు. ఆస్ట్రేలియా, ఫిన్లండ్ రిజిస్ట్రీలను కలిపి 2019లో లెక్కించినప్పుడు మొదటిసారి వేసిన తుంటి కీళ్లలో నూటికి 58 వరకు 25 ఏళ్లు నిలిచాయి. రెండోసారి వేసినవాటి విషయంలో ఇంగ్లండ్ ప్రధానంగా ఉన్న బ్రిటన్ రిజిస్ట్రీ లెక్క ప్రకారం, మొదటి రివిజన్ చేసినవాటిలో ఐదింట ఒక వంతును 15 ఏళ్లలోపు మళ్లీ మార్చవలసి వచ్చింది. రెండో రివిజన్ చేసినవాటిలో అదే ఐదో వంతు ఏడేళ్లకే, మూడో రివిజన్ చేసినవాటిలో మూడేళ్లకే చెడింది. అంటే ప్రతి ఆపరేషన్‌తో కీలు ఆయుష్షు దాదాపు సగానికి తగ్గుతూ పోతుంది. అందువల్ల మొదటి రివిజనే సరిగ్గా జరగాలి. దాన్ని దగ్గరలో ఉంది కదా అని, తెలిసినవారున్నారు కదా అని ఎక్కడ పడితే అక్కడ చేయించకూడదు.

ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు సర్జన్‌ను మర్యాదగానే కొన్ని సంగతులు సూటిగా అడగవచ్చు. ఏడాదికి ఎన్ని తుంటి రివిజన్లు చేస్తారు, నా కీలు చెడడానికి కారణం ఏమిటని మీ నిర్ధారణ, ఎముక అనుకున్నదానికన్నా పాడై ఉంటే వేయడానికి రెండో ఏర్పాటు ఆపరేషన్ గదిలో సిద్ధంగా ఉంటుందా, రక్తం ఎన్ని యూనిట్లు కావాలి, ఐసీయూ ఉందా. మంచి సర్జన్లు ఈ ప్రశ్నలకు విసుక్కోరు. వరంగల్‌లో అనుభవమున్నవారు ఉన్నారు. గిన్నె చుట్టూ ఎముక బాగా పోయిన కేసులనూ, మొండి ఇన్ఫెక్షన్లనూ హైదరాబాద్‌లో నిమ్స్ వంటి చోటికి పంపితే కాదనకుండా వెళ్లండి.

ఖర్చు విషయంలో, ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. రివిజన్‌కు ఏ ప్యాకేజీ వర్తిస్తుంది, పొడవాటి రాడ్డు, లోహపు ముక్కల ధర అందులోనే ఉంటుందా, రెండు దశలకూ వేర్వేరు అనుమతి కావాలా అన్నవి అడ్మిషన్‌కు ముందే ఆరోగ్యమిత్ర దగ్గర, లేదా 104కు ఫోన్ చేసి తెలుసుకోండి. 2017లో ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయించింది మోకాలి ఇంప్లాంట్లకు. తుంటికి కూడా అదే ధర వర్తిస్తుందనుకుని వచ్చి బిల్లు చూసి తెల్లబోయినవారు ఉన్నారు. సింగరేణి కార్మికులు, ప్రభుత్వ ఉద్యోగులు తమ పథకాల రిఫరల్ కాగితం ముందుగా తీసుకోవాలి.

ఆపరేషన్‌కు ముందు శరీరం, ఇల్లు

షుగరు అదుపులోకి రావాలి, మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎనిమిదికి లోపు ఉంటే మేలు. రక్తం తక్కువగా ఉంటే కారణం వెతికి ముందే సరిచేయాలి. పుచ్చుపళ్లు, మూత్రంలో మంట, కాలి పగుళ్లు, గజ్జి ఏవున్నా ముందు వాటికే చికిత్స. బీడీ, గుట్కా కనీసం ఆరు వారాల ముందు మానాలి, ఎముక అతకడానికీ గాయం మానడానికీ పొగాకు అడ్డు. సన్నగా ఉన్న వృద్ధులకు రోజూ గుడ్డు, పప్పు, పాలు పెట్టండి.

ఇంట్లో మార్పులను ఆసుపత్రికి వెళ్లకముందే చేయించాలి, వచ్చాక కుదరదు. కింద కూర్చునే మరుగుదొడ్డి ఉంటే కమోడ్ పెట్టించండి, లేదా సీటు ఉన్న ఇనుప కుర్చీ కొనండి. నులక మంచం వద్దే వద్దు. మధ్యలో కుంగి తుంటి బాగా ముడుచుకుంటుంది, లేచేటప్పుడు కీలు తప్పిపోయేది అక్కడే. మోకాళ్లకన్నా ఎత్తుగా ఉండే గట్టి మంచం, చేతులున్న ఎత్తైన కుర్చీ కావాలి. స్నానాల గదిలో గోడకు పట్టుకునే కడ్డీ వేయించి, గచ్చు మీద పాకుడు గీకించండి. గడప దగ్గర, అరుగు మెట్ల దగ్గర వాకరు తిరిగేంత జాగా చూడండి.

ఆపరేషన్ తర్వాతి ఏడాది

రెండో ఆపరేషన్‌కు సమయం ఎక్కువ, రక్తం పోవడం ఎక్కువ, కోలుకోవడం నెమ్మది. మొదటిసారి మూడో రోజు నుంచే పూర్తి బరువు వేసి నడిచాను కదా అని ఈసారీ వేయకండి. ఎముక పొడి దట్టించినా, రాడ్డు తీయడానికి తొడ ఎముకను పక్కకు తెరిచినా, ఆరు నుంచి పన్నెండు వారాలు కాలి మీద కొంత బరువే వేయమంటారు. ఎంత బరువన్నది సర్జన్‌తో కాగితం మీద రాయించుకుని ఫిజియోథెరపిస్టుకు చూపించండి. నాకు ఆ కాగితం లేకుండా వచ్చే రోగులే ఎక్కువ.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలనో సూదులనో చెప్పినన్ని రోజులు, కొన్నిసార్లు ఐదు వారాల వరకు వాడాలి. పిక్క వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పాదం పైకి లేవకపోతే నరం దెబ్బతిందేమో చూడాలి. చాలామందికి నెలల్లో కొంత తిరిగి వస్తుంది, అంతవరకు పాదానికి పట్టీ వేసుకోవాలి. తుంటిని లంబకోణం దాటి వంచకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పడుకున్నప్పుడు కాళ్ల మధ్య దిండు పెట్టుకోవాలి. ఈ నియమాలు ఎన్నాళ్లన్నది సర్జన్ చెప్పాలి, కీలు తప్పిపోయి రివిజన్ అయినవారికి జీవితమంతా వర్తించవచ్చు. హైదరాబాద్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు కారు ముందు సీటును వెనక్కి జరిపి, కింద దిండు వేసి కూర్చోబెట్టి, గంటకోసారి ఆపి నాలుగు అడుగులు వేయించండి.

మొదటి మూడు నెలల్లో రోగులు చాలా కుంగిపోతారు. "అప్పుడు గిట్ల లేకుండె" అని ఏడ్చిన అవ్వలను నేను ఓదార్చాను. తుంటి పక్క కండరం రెండుసార్లు కోతకు గురైంది కాబట్టి అది బలపడటానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. రోజూ రెండు పూటలా చేసే వ్యాయామమే దానికి మందు. ఏడాది తర్వాత ఎక్కువమందికి కలిగేది ఇది: రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి పోతుంది, ఇంట్లో పనులు, బజారు, బస్సు ప్రయాణం ఎవరి సాయం లేకుండా సాగుతాయి, దూరం నడిచేటప్పుడు చేతిలో కర్ర ఉంటుంది, కొంచెం కుంటు మిగలవచ్చు. మొదటి కీలు కొత్తలో ఉన్నంత తేలిక మాత్రం తిరిగి రాదు. నాట్లు వేయడం, కూర్చుని కలుపు తీయడం, బస్తాలు మోయడం మానుకోవాలి. పొలం గట్టు మీద నిలబడి పని చేయించడం, కుర్చీ వేసుకుని దుకాణం నడపడం, కొద్దిపాటి పత్తిని నిలబడి ఏరడం చేయవచ్చు. బతుకమ్మ చుట్టూ నెమ్మదిగా నడుస్తూ చప్పట్లు కొట్టవచ్చు, వంగి తిరిగి ఆడటం వద్దు. మేడారం వెళ్లాలనుకుంటే జాతర రద్దీ రోజుల్లో కాకుండా ముందో వెనకో వెళ్లి, జంపన్నవాగు నీటిలో జారే రాళ్ల మీద కాలు పెట్టకుండా ఒడ్డునే స్నానం ముగించుకోండి.

పరకాల రైతుకు పరీక్షల్లో ఇన్ఫెక్షన్ లేదని, గిన్నె ఒక్కటే వదులైందని తేలింది. పాత డిశ్చార్జ్ కాగితం వెనుక స్టిక్కరు దొరకడంతో రాడ్డును కదపకుండా గిన్నె, బంతి మాత్రమే మార్చారు. ఆరో వారం, మూడో నెల, ఏడాదికి ఎక్స్‌రేలు తీయించుకున్నారు. ఆ తర్వాత నొప్పి ఉన్నా లేకున్నా సర్జన్ చెప్పిన వ్యవధికి ఒకసారి తీయించుకోవాలి. కొత్త స్టిక్కరును ఫోటో తీసి కొడుకు, కూతురు ఇద్దరి ఫోన్లలోనూ పెట్టించాను. అసలు కాగితం భూమి పాస్‌పుస్తకంతో పాటు బీరువాలో ఉంది.